పిట్ట పక్కనుంచి పోయే రాయి

తుమ్మలదిన్నెలో డ్రోన్లు ఎగరేయడానికి నియమాలు రాసింది నేనేనని మండలాఫీసులో అందరూ అనుకుంటారు. కింద సంతకం నాదే, ముద్ర పంచాయతీదే. కానీ ఆ ఏడు నియమాల్లో నా బుర్రలో పుట్టింది ఒక్కటీ లేదు. అవన్నీ సోమక్కవి. సోమక్కకు సంతకం రాదు. డ్రోన్‌ని ఆమె తుమ్మెద అంటుంది.

నేను ఆ ఊరి పంచాయతీ కార్యదర్శిని. పేరు తనూజ. కర్నూల్లో ఉంటాను. పొద్దున్నే డోన్ దాకా ఒక బస్సు, అక్కడినుంచి వీరేష్ నడిపే పల్లె బస్సు. మూడేళ్లుగా ఇదే వరస. నాకు ఓపిక తక్కువని ఊళ్లో పేరుంది, అది నిజమే. కుళాయి రాలేదని ఒకరు, పక్కింటి మురుగు మా గోడకు వస్తోందని ఇంకొకరు, ఆఫీసు తాళం తీయకముందే మీద పడితే ఓపిక ఎవరికి మాత్రం ఉంటుంది. ఊరంటే నాకు కాలువలు, పన్నులు, అర్జీలు. అంతకు మించి అక్కడ చూడాల్సింది ఏమైనా ఉందని నేను అనుకోలేదు.

డ్రోన్ కొన్నది ఆ బస్సు డ్రైవరు వీరేషే. నలభై రెండేళ్ల మనిషి, ఆ ఊరివాడే, సోమక్కకు వరసకు అల్లుడు. ఎందుకు కొన్నావయ్యా అని ఒకరోజు బస్సులో అడిగాను.

"పొద్దంతా రోడ్డు మొగమే చూస్తాండా మేడం. గుంతలు, బర్రెలు, ఆటోలు. డ్యూటీ దిగినాక రోంతసేపు పైనుంచి చూడబుద్ధయితాది," అన్నాడు.

పైనుంచి తీసిన వీడియో ఒకటి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నేను దాన్ని వరసగా మూడుసార్లు చూశాను. పైన చౌడుమట్టి పోసిన మిద్దెలు తెల్లగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. చుట్టూ నల్లరేగడి, దాని నిండా జొన్న, ఒక మూల బోడిగుట్ట. నేను రోజూ ముక్కు మూసుకుని దాటే వీధి పైనుంచి చూస్తే ఎంత ఒద్దికగా ఉందో. నా కళ్లనే నేను నమ్మలేకపోయాను. ఊళ్లో అందరిదీ అదే పరిస్థితి. ఎవరి మిద్దె ఏదో వేలు పెట్టి చూపించుకుంటూ రెండు రోజులు గడిపారు.

నాలుగో రోజు పదిమంది ఆడవాళ్లు ఆఫీసుకు వచ్చారు. వాళ్లలో రమణి ముందు నిలబడింది. ఆ ఊళ్లో స్నానాల చోటును జాలాడి అంటారు. ఇంటి వెనక నాలుగు బండలు నిలబెట్టి, ఒక తడిక అడ్డం పెడతారు, అంతే.

"మా జాలాడికి కప్పు యాడుండాది మేడం? ఆకాశమే కప్పు. ఇప్పుడు ఆ కప్పుకు కన్ను మొలిస్తే మేం నీళ్లు యాడ పోసుకోవల్ల?" అంది రమణి.

సర్పంచి బొజ్జన్నను అడిగితే, "మీరు సదువుకున్నోళ్లు, ఏదన్నా రూల్సు రాసి అంటించండి మేడం. నేను జెప్తే ఎవురు ఇంటారు," అని తప్పించుకున్నాడు. నేను ప్రభుత్వ నిబంధనలు వెతికి రెండు పేజీలు తయారుచేశాను. నాలుగు వందల అడుగులు దాటకూడదు, ఎగరేసేవాడి కంటికి కనబడుతూ ఉండాలి, జనం గుంపుల మీదుగా పోకూడదు, ఇంకొకరి ఏకాంతానికి భంగం కలిగించకూడదు. నోటీసు బోర్డుకు అంటించాను. దాన్ని చదివింది ఒక్క వీరేషే. చదివి, "మాది బరువు తక్కువది మేడం, దీనికి లైసెన్సు కూడా పన్లేదు," అన్నాడు. అతను చెప్పింది నిజమే. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

జనవరి చివర్లో ఒకరోజు నేను బస్సు దిగేసరికి ఊరు ఊరంతా నవ్వుతోంది. సోమక్క వడిసెలతో డ్రోన్‌ని కొట్టి పడగొట్టిందట. వడిసెల అంటే నడుమ రాయి పెట్టడానికి అల్లిక ఉన్న తాడు. తల చుట్టూ తిప్పి ఒక కొస వదిలితే రాయి తుపాకి గుండులాగా పోతుంది. జొన్న పాలు పోసుకుని గింజ గట్టిపడే నెలలో చేను మధ్య మంచె వేసుకుని, దాని మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలుతారు. సోమక్క నలభై ఏళ్లుగా ఆ పని చేస్తోంది. నేను ఆఫీసు తాళం తీసేలోపు ఆ కథ మూడు రకాలుగా విన్నాను. ఒకరి లెక్కన ఒక్క రాయి, ఇంకొకరి లెక్కన ఎడమచేత్తో కొట్టింది. టీ కొట్టు దగ్గర మగవాళ్లు సొంత ఇంటి ఘనతలాగా చెప్పుకుంటున్నారు. రమణి అయితే సోమక్కకు చీర పెడతానంది.

వీరేష్ ముఖం మాత్రం వాడిపోయి ఉంది. గుట్టదగ్గర చేలల్లో దిగే పిట్టల్ని వీడియో తీద్దామని ఆ పొద్దున డ్యూటీకి ముందు ఎగరేశాడట. "ఫోన్లో రాయి కనబడె మేడం. ఇంగ అంతా గిరగిరా తిరిగిపాయె. తుమ్మచెట్టు కింద రెక్కలిరిగి పడుండాది," అన్నాడు. ముక్కల్ని సంచిలో వేసుకుని కర్నూల్లో బాగుచేసే అంగడికి ఇస్తానని బస్సెక్కాడు.

డ్రోన్‌కి నియమాలు రాసినదాన్ని వడిసెలకు మాత్రం ఎందుకు రాయకూడదు అనుకున్నాను. ఎవరి నెత్తిన పడినా ప్రాణం పోయేది. నోటీసు ఇద్దామని మధ్యాహ్నం ఎండలో చేనికి నడిచాను. దారిపొడుగునా ఆమెతో ఏం అనాలో మనసులో వల్లె వేసుకున్నాను.

అక్కడ చూసింది నేను అనుకున్నది కాదు. సోమక్క మంచె మీద లేదు. మంచె కింద నీడలో మోకాళ్లు చుట్టుకుని కూచుంది. సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి, తలకు ఎర్ర గుడ్డ. వడిసెల పైన గుంజకు వేలాడుతోంది. చేన్లో వేలకు వేల పిట్టలు. చలికాలంలో ఎక్కడెక్కడి దేశాలనుంచో వచ్చే గోరింకలు, ఒళ్లు లేత గులాబిరంగు, తల నల్లన. ప్రతి కంకి మీదా ఒకటి వాలి ఉంది. ఆమె భర్త హనుమన్న గట్టు మీద సత్తు పళ్లెం పట్టుకుని టంగుటంగుమని కొడుతున్నాడు. ఒక్క పిట్ట కూడా తల ఎత్తడం లేదు.

"సోమక్కా, జొన్న అంతా పోతోంది కదా, కూచున్నావేంటి?" అన్నాను. నోటీసు సంగతి మర్చిపోయాను.

"పోతాండాది మేడమ్మా."

"మరి తోలవా?"

"తుమ్మెదకు నా రాయి తగిలిందంట గదా. తగిలుంటే నా చెయ్యి తప్పినట్ల. తప్పిన చేత్తో ఒడిసెల పట్టుకోను," అంది.

నాకు అర్థం కాలేదు. గురి తప్పితే తగలదు గానీ తగిలితే గురి తప్పడం ఏమిటి? ఊరంతా నీ గురిని పొగుడుతోంది కదా అన్నాను. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం ఉంది, అంతకంటే ఎక్కువ సిగ్గు ఉంది.

"ఊరికేం తెల్సు. కాపురానికొచ్చిన మొదటేడు నాకూ ఇట్లనే పొగరుండె. పిట్టను గురిపెట్టి కొడితి. మంచె కిందనే పడె. రెక్క ఇరిగిపాయె, కన్ను మాత్రం నన్నే చూస్తాండె. ఒళ్లో పెట్టుకుంటి. పొద్దుగూకేదాకా బతికినాది. అది తిన్నదెంత, నాలుగు గింజలు. ఆ పొద్దునుంచి పిట్టకు తగిలేట్ల ఇసరను. పక్కనుంచి పోవల్ల రాయి. ఆ సప్పుడుకే లేచిపోతాయి. ఎగిరేదానికి నా రాయి తగలకూడదు. పిట్టయినా అంతే, తుమ్మెదయినా అంతే."

"అయితే తుమ్మెదను నువ్వు కొట్టలేదా?"

"పక్కనుంచే ఇసిరితి. కానీ అది పడె. పడింది ఊరు చూసినాది. తగిలిందో లేదో ఎవురూ చూళ్లేదు. నేనూ చూళ్లేదు. రాయి పైకి పోతే పొద్దు కండ్లల్లో కొడ్తాది. యాపొద్దూ నాకు కనబళ్లేదు మేడమ్మా. నలభై ఏండ్లలో ఒక్కపొద్దు గూడ."

రోజూ సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు ఆమెను నేను చూస్తూనే ఉన్నాను. మంచె దిగి, నడుం వంచి, ఒక్కో సాలూ ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచేది. రాలిన కంకులు ఏరుకుంటోందని అనుకునేదాన్ని. ఆమె వెతికేది కంకుల్ని కాదట. పడిన పిట్ట ఏదైనా ఉందేమోనని.

"ఎప్పుడైనా కనబడిందా?"

"ల్యా. కనబడకుంటే మాత్రం ఏమి. నక్క ఎత్తకపోయింటాదేమో. గుట్టదాకా పోయి ఆడ పడిందేమో," అంది. నలభై ఏళ్లు ఈ ఒక్క అనుమానంతో సాలు సాలూ తిరిగిన మనిషి ముందు చేతిలో నోటీసుతో నిలబడి ఉన్నానని అప్పుడు తట్టింది. దాన్ని మడిచి బ్యాగులో పెట్టేసి నేల మీద కూచున్నాను.

ఎకరన్నర చేను అది. ఏడాదికి ఇంట్లో సంగటికీ రొట్టెకూ అదే జొన్న, ఎద్దులకు అదే చొప్ప. వారం రోజులు పిట్టలు తింటే మిగిలేది చొప్పే. నేను రోజు కూలికి ఎవరినైనా పెట్టిస్తానన్నాను. ఇప్పుడు వడిసెల పట్టేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరని హనుమన్న గట్టు మీదనుంచే చెప్పాడు.

మాట మార్చడానికి మంచె వైపు చూసి, ఊరి వైపే ఆ తడిక ఎందుకు కట్టారని అడిగాను. గాలికేమో అనుకున్నా.

"గాలికెందుకమ్మా. మంచె మీద నిలబడ్తే జాలాళ్లు కనబడ్తాయి. ఊరి మొగాన తడిక లేకుండా మంచె ఎయ్యకూడదు."

నా చేయి దానంతటదే బ్యాగులోకి పోయి పెన్ను తీసింది. ఇంకేమేం చేయకూడదని అడిగాను. ఆమె పెద్దగా ఆలోచించలేదు, రోజూ చేసే పని కదా. రాయి వదిలే ముందు కేక వేయాలి, దారిన పోయేవాళ్లు తలెత్తి చూసుకుంటారు. బండ్ల దారి మీదుగా రాయి పోకూడదు. మన చేన్లో పిట్టను పక్కవాడి చేన్లోకి తోలకూడదు, గుట్ట దిక్కు బీడు మీదికే తోలాలి. గుట్ట పడమటి బండకు పెద్దతేనె పట్టు ఉంది, ఆ పక్క చెయ్యే ఎత్తకూడదు. పిట్టలు చెట్లకు చేరే పొద్దులో వడిసెల తిప్పకూడదు, అప్పటికి అవి తినేది అయిపోయింది, ఇంక వాటి ఇంట్లో అవి ఉంటాయి. రాయి వదిలినాక కన్ను పైనే ఉండాలి, కనబడినా కనబడకపోయినా.

నేను బ్యాగులో ఉన్న పాత డ్రోన్ నియమాల నకలు వెనక రాసుకుంటూ పోయాను. తడికతో కలిపి ఏడు. కాగితం తిప్పి చూస్తే ముందువైపు నేను ఢిల్లీనుంచి దించుకొచ్చిన రూల్స్ ఉన్నాయి. కంటికి కనబడాలి, జనం మీదుగా పోకూడదు, ఏకాంతం. అవన్నీ వెనకవైపు కూడా ఉన్నాయి. తేనెటీగలు, పక్క చేను, గూటికి చేరిన పిట్ట మాత్రం వెనకవైపే ఉన్నాయి. ఖాళీగా కనబడే ఆ ఆకాశంలో ఎవరి హద్దు ఎక్కడో, ఏ పొద్దు ఎవరిదో ఈ ఊరు ఎప్పుడో పంచి పెట్టుకుంది. మూడేళ్లు ఇక్కడ పన్నులు వసూలు చేసిన నాకు ఆ సంగతే తెలియదు.

"ఇవన్నీ ఎవరు పెట్టారు సోమక్కా?"

"ఎవురు పెట్టేది. పైకి ఇసిరింది కిందికి రావల్ల గదా. ఎవురి మీద పడ్తాదో అని బయమున్నోళ్లు పెట్టింటారు," అంది.

ఆ తర్వాత మూడు రోజులు ఆమె మంచె ఎక్కలేదు. నేను రోజూ బస్సు కిటికీలోంచి చూసేదాన్ని. చేను ఒక పక్కనుంచి బోసిపోతూ వచ్చింది. టీ కొట్టు దగ్గర పొగడ్తలు ఆగలేదు. సోమక్క అటువైపు రావడం మానేసింది. ఒకరోజు ఉండబట్టలేక నేనే అక్కడికి పోయి, మీ నోళ్లు కాస్త మూస్తే ఆ మనిషి చేను దక్కుతుంది అని అరిచాను. వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. మేడంకి ఎండ దెబ్బ తగిలిందనుకున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం వీరేష్ బస్సు ఆపి, ఇంజను కూడా ఆర్పకుండా ఆఫీసులోకి వచ్చాడు. చేతిలో గోరంత మెమరీ కార్డు. బాగుచేసే అంగడాయన డ్రోన్ విప్పి తీసి ఇచ్చాడట. వీరేష్ అక్కడే ఒకసారి చూశాడు.

"అత్తను పిలిపించండి మేడం. నేను చూపియ్యల్ల," అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

సోమక్క వచ్చి, కుర్చీ వద్దని, కంప్యూటర్ ముందు నేల మీదే కూచోబోయింది. నేను బలవంతంగా నా కుర్చీలో కూచోబెట్టాను. హనుమన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. కార్డు పెట్టి వీడియో తెరిచాను. మా కంప్యూటర్ మామూలుగా ఒక ఫైలు తెరవడానికి టీ తాగి వచ్చేంత సేపు తీసుకుంటుంది. ఆ రోజు ఎందుకో వెంటనే తెరుచుకుంది.

కింద జొన్న చేను, మధ్యలో అగ్గిపెట్టెంత మంచె. దాని మీద ఎర్రటి చుక్క. డ్రోన్ కిందికి దిగేకొద్దీ ఆ చుక్క తలగుడ్డ అయింది, దాని కింద మనిషి అయింది. శబ్దం లేదు. ఆమె నోరు తెరవడం కనబడింది, కేక వేస్తోంది. చేయి తల చుట్టూ తిరిగింది, ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఆగింది. అప్పుడు చేను పైకి లేచింది. చేనే లేచిందనిపించింది. వేల గోరింకలు ఒక్కసారిగా, ఒకే ఒంటికి ఉన్న చర్మంలాగా ముడుచుకుని, పరుచుకుని, మా వైపుకు వచ్చాయి. తెర నిండా రెక్కలు. వాటి వెనకనుంచి ఒక నల్లటి చుక్క వచ్చింది.

నేను అక్కడ ఆపి, నెమ్మదిగా నడిపించాను. రాయి పెద్దదవుతూ వస్తోంది. దాని దారి పక్కనే పిట్టలు ఉన్నాయి, కానీ అది వాటి వైపు పోవడం లేదు. గుంపుకు కుడిపక్కన, చివరి పిట్ట రెక్కకు మూరెడు దూరంలో, గీత గీసినట్టు పైకి పోయింది. డ్రోన్ పక్కనుంచి కూడా అంతే, మూరెడు దూరం. రాయి దాటిపోయినాక కూడా చాలాసేపు బొమ్మ కదలకుండా ఉంది. తర్వాత ఉన్నట్టుండి గట్టిగా వెనక్కి జరిగింది. కొమ్మ, ముళ్లు, ఆకాశం, నేల.

నేను బొమ్మను అక్కడే ఆపేశాను.

"నేనే అత్తా," అన్నాడు వీరేష్. "ఫోన్లో రాయి చూసి బయపడి ఎనక్కి లాగేస్తి. తుమ్మచెట్టు ఉండేది చూళ్లేదు. కన్ను పైన ల్యాకపాయె, ఫోన్లో ఉండె. నీ రాయి దాన్ని ముట్లేదు."

సోమక్క అతని వైపు చూడలేదు. "ఇంగోసారి ఎయ్యమ్మా," అంది నాతో.

వేశాను. మళ్లీ అడిగింది. మళ్లీ వేశాను. ఆమె చూసేది డ్రోన్ సంగతి కాదని మూడోసారికి నాకు తెలిసింది. తెరకు దగ్గరగా వంగి, రాయి పోయే దారి పక్కన ఉన్న పిట్టల్ని ఒక్కోదాన్నే వేలితో చూపించుకుంటూ పోతోంది. ఇది లేచిపోయింది. ఇదీ పోయింది. ఇదీ. రాయి తెర దాటిపోయేదాకా అట్లాగే చూసి, వేలు తీసేసింది.

"ఒకటి గూడ పళ్లేదు," అంది.

"పడలేదు సోమక్కా."

"అంటే ఇన్నేండ్లూ ఇట్లనే పోతాండె రాయి. పక్కనుంచే." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, ఆఫీసులో ఏడ్చే అలవాటు నాకు లేదు. పిట్టకు ఎట్లా కనబడుతుందో అట్లా తన రాయిని తాను చూసుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు.

ఆమె లేచి, వీరేష్ భుజం మీద చెయ్యేసి, "బస్సు ఇంజను ఆడ్తానే ఉండాది, పోప్పా," అంది. బయటకు నడిచింది. ఇంటికి కాదు, చేనికి.

పాత కాగితాలు చించేసి, సోమక్క చెప్పిన ఏడు మాటల్ని ఆ మధ్యాహ్నమే పెద్ద అక్షరాలతో రాసి బోర్డుకు అంటించాను. రాయి అన్న చోట డ్రోన్ అని మార్చాను. మంచె తడిక ఉన్న చోట, పొద్దు బాగా ఎక్కేదాకా మిద్దెల మీదుగా పోకూడదని రాశాను. ఇంకేమీ మార్చాల్సిన అవసరం రాలేదు. మొదట చదివింది రమణి. ఎగరేసే ముందు కేక వేయాలన్న దగ్గర ఆగి, తలూపింది. ఇప్పుడు వీరేష్ బోడిగుట్ట బీడు మీదే ఎగరేస్తాడు, అదీ ముందు గట్టిగా హో అని కేక వేసి. ఆ కేకకు పొలాల్లో ఉన్నవాళ్లంతా తలెత్తి చూస్తారు. నేనూ చూస్తాను.

ఆ రోజు సాయంత్రం బస్సుకోసం రోడ్డు మీద నిలబడ్డాను. చేను సగానికి సగం పోయింది. మిగిలిన సగం నడుమ మంచె మీద ఎర్రటి తలగుడ్డ. కేక వినబడింది, చేయి తిరిగింది, పిట్టలు లేచాయి. రాయి ఎటు పోయిందో చూద్దామని తలెత్తాను. ఎండ కళ్లలో కొట్టింది, నాకేమీ కనబడలేదు. గుంపు మొత్తం గుట్ట దిక్కు తిరిగి, తుమ్మచెట్ల మీద వాలి, సద్దుమణిగింది.

సోమక్క వడిసెలను నడుముకు చుట్టుకుని మంచె దిగింది. అలవాటు చొప్పున మొదటి సాలు దాకా వచ్చి, నడుం వంచబోయి, ఆగింది. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత గట్టెక్కి, తల నిటారుగా పెట్టుకుని, చేను వైపు చూడకుండా నేరుగా ఇంటికి నడిచిపోయింది.